ఆ కోపం నాది కాదు: సిగరెట్ మానినప్పటి నా అనుభవం

"నిద్ర లేచాక మొదటి సిగరెట్ ఎంతసేపటికి వెలిగిస్తారు?" అని అడిగారు డాక్టర్‌గారు. రోజుకి ఎన్ని తాగుతారు, ఎన్నేళ్ల నుంచి తాగుతున్నారు అన్న ప్రశ్నలకు సిద్ధపడి వెళ్లాను గానీ ఈ ప్రశ్న ఊహించలేదు. లేవగానే, ముఖం కడుక్కోకముందే అని చెప్పాను. ఆవిడ రాసుకుని, ఈ ఒక్క జవాబుతోనే చాలావరకు అంచనా దొరుకుతుందన్నారు. కార్ల్ ఓలోవ్ ఫాగర్‌స్ట్రామ్ అనే స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త పొగాకులోని నికోటిన్ మీద మనిషి ఎంత ఆధారపడ్డాడో కొలవడానికి 1978లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. 1991లో దాన్ని సవరించి కుదించారు. ఇప్పటికీ డాక్టర్లు అడిగేది ఆ ప్రశ్నలే. లేచిన 5 నిమిషాల్లోపు వెలిగించేవాళ్ల శరీరం నికోటిన్ మీద బాగా ఆధారపడినట్టు లెక్క. నిద్రలో గంటల తరబడి నికోటిన్ అందదు కాబట్టి, తెల్లవారేసరికే విత్‌డ్రాయల్, అంటే అలవాటైన నికోటిన్ అందక ఒళ్లూ మనసూ పడే బాధ, మొదలైపోయి ఉంటుంది.

ఆ మాట నన్ను వదల్లేదు. పొద్దున సిగరెట్ హుషారునిస్తుందని, టెన్షన్‌లో ఉన్నప్పుడు మనసును కుదుటపరుస్తుందని ఏళ్లుగా నమ్మాను. అది చేస్తున్నదల్లా తాను తెచ్చిన చికాకును తానే కాసేపు ఆపడం. పొగ లోపలికి లాగిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. రక్తంలో అది సగానికి తగ్గడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. అలా తగ్గుతున్నప్పుడే తర్వాతి సిగరెట్ గుర్తొస్తుంది. చాలాకాలం ఇలాగే సాగితే మెదడులో నికోటిన్‌ను అందుకునే గ్రాహకాల సంఖ్య పెరిగిపోతుంది. మానేసిన రోజున వాటికి ఏమీ అందదు. చికాకు, కోపం, ఆందోళన, దిగులు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం, విపరీతమైన ఆకలి అన్నీ అక్కడి నుంచే వస్తాయి.

ఇదంతా మనిషి బలహీనత కాదని ఒప్పుకోవడానికి లోకానికి చాలాకాలం పట్టింది. అమెరికాలో ప్రజారోగ్యంపై ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారి, సర్జన్ జనరల్ సీ. ఎవరెట్ కూప్ 1988లో విడుదల చేసిన నివేదిక, నికోటిన్ వ్యసనం హెరాయిన్, కొకైన్ వ్యసనాల లాంటిదేనని స్పష్టంగా చెప్పింది. అయినా ఈ రోజుకీ సిగరెట్ మానలేనివాడికి "గట్టిగా అనుకుంటే అదెంత పని" అనే సలహానే దొరుకుతుంది. గట్టిగా అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఏ సాయమూ లేకుండా మానిన ప్రతిసారీ కొద్ది రోజులకే మళ్లీ మొదలైంది. నాలో పట్టుదల తక్కువనే అనుకునేవాణ్ణి.

మెల్లగా తగ్గించుకుంటూ పోతే మంచిదా, ఒక్కసారిగా మానాలా అని అడిగాను. రెండు పద్ధతుల్లోనూ మానినవాళ్లు ఉన్నారని, అయితే 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో తేదీ పెట్టుకుని ఒక్కసారిగా ఆపినవాళ్లే ఎక్కువగా నిలబడ్డారని చెప్పారు. ఒక్కసారిగా ఆపడమంటే మందులేమీ లేకుండా బిగబట్టుకోవడం కాదని కూడా అన్నారు. చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్, నోట్లో పెట్టుకునే గమ్, చప్పరించే లాజెంజ్, స్ప్రే ఉన్నాయి. నికోటిన్ లేని మాత్రల్లో బ్యూప్రోపియన్, వారెనిక్లిన్, సైటిసిన్ ఉన్నాయి. వారెనిక్లిన్ ఆ గ్రాహకాలనే పట్టుకుని వాటిని కొంతమేరకు ప్రేరేపిస్తుంది. దానివల్ల తహతహ తగ్గుతుంది, ఒకవేళ సిగరెట్ తాగినా మునుపటి తృప్తి రాదు. సైటిసిన్ ఒక మొక్క గింజల నుంచి వచ్చింది, బల్గేరియాలో 1960ల నుంచీ వాడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జులైలో ఇచ్చిన చికిత్సా మార్గదర్శకాల్లో ఇవన్నీ ఉన్నాయి.

వారెనిక్లిన్ గురించి వినగానే నాకు భయం వేసింది. అది మనసు మీద ప్రభావం చూపుతుందని, ఆత్మహత్య ఆలోచనలు తెస్తుందని ఎక్కడో చదివాను. డాక్టర్‌గారు ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. అమెరికాలో ఆ మందు మీద 2009లో తీవ్రమైన హెచ్చరిక పెట్టిన మాట నిజమేనన్నారు. తర్వాత మానసిక సమస్యలు ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ కలిపి 8,000 మందికి పైగా మనుషులపై జరిపిన పరిశోధన 2016లో ప్రచురితమైంది. ప్యాచ్‌తోనూ, మందు లేని ఉత్తుత్తి మాత్రతోనూ పోల్చి చూసినా ఆ ఇబ్బందులు చెప్పుకోదగ్గంత పెరగలేదు. అదే ఏడాది ఆ హెచ్చరికను తీసేశారు. అయినా నాకు ప్యాచ్, గమ్ కలిపి వాడటమే నచ్చింది. ఆవిడ కూడా సరేనన్నారు. ప్యాచ్ రోజంతా ఒకే తీరుగా కొంత నికోటిన్ అందిస్తుంది, ఉన్నట్టుండి మనసు లాగినప్పుడు గమ్ పనికొస్తుంది. రెండూ కలిపి వాడితే ఏదో ఒక్కటి వాడినదానికన్నా ఫలితం బాగుంటుందని పరిశోధనలు చెబుతున్నాయి.

గమ్ ఎలా వాడాలో ఎవరైనా దగ్గర కూర్చుని చెప్పాలి. మామూలు చూయింగ్ గమ్ నమిలినట్టు నమిలితే నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోతుంది. ఎక్కిళ్లు, గుండెల్లో మంట తప్ప లాభం తక్కువ. నెమ్మదిగా కొన్నిసార్లు కొరకాలి. నోట్లో కారంగా, చురుక్కుమన్నట్టు అనిపించగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి వదిలేయాలి. ఆ చురుకు పోయాక మళ్లీ కొరకాలి, చోటు మార్చి పెట్టాలి. అలా అరగంట దాకా పనిచేస్తుంది. గమ్ వేసుకోవడానికి పావుగంట ముందు నుంచి కాఫీ, పళ్లరసం, కూల్‌డ్రింక్ ఏదీ తాగకూడదు. నోట్లో పులుపు చేరితే నికోటిన్ బుగ్గ నుంచి రక్తంలోకి సరిగా వెళ్లదు. కాఫీ తాగి వెంటనే గమ్ నమిలి, ఇది పనిచేయడం లేదని విసిరికొట్టేవాళ్లు చాలామంది ఉంటారని డాక్టర్‌గారు చెప్పారు.

ఈ గమ్ పుట్టుక కథ కూడా ఆవిడ నోటే విన్నాను. 1960ల చివర్లో స్వీడన్‌లో, జలాంతర్గాముల్లో పనిచేసే నావికులు లోపల సిగరెట్ తాగే వీల్లేక పొగాకు నమలడానికి మారుతున్నారని క్లాస్ లుండ్‌గ్రెన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త గమనించారు. పొగ లేకుండా నికోటిన్ మాత్రమే ఇవ్వగలిగితే ఎలా ఉంటుందని మందుల కంపెనీలో పనిచేసే ఓవె ఫెర్నోతో అన్నారు. గమ్ తయారుచేసింది ఫెర్నో. 1978లో మొదట స్విట్జర్లాండ్‌లో దానికి మందుగా అనుమతి దొరికింది. అది విన్నాక, గమ్ తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదని నాకు తోచింది. ఊపిరితిత్తుల్ని, గుండెను దెబ్బతీసే విషాల్లో చాలావరకు తారు, కార్బన్ మోనాక్సైడ్ లాంటి పొగలోని పదార్థాలే. నికోటిన్ మనల్ని వాటికి కట్టేసి ఉంచుతుంది. ముందు ఆ పొగ నుంచి బయటపడి, నికోటిన్‌ను తర్వాత మెల్లగా వదిలించుకోవచ్చు.

తేదీ అనుకున్నాక ఇంట్లో అందరికీ చెప్పాను. "కొన్నాళ్లు నేను చిరాగ్గా ఉంటాను. అది మీ మీద కాదు" అన్నాను. నా భార్య వెంటనే, "సరే. కానీ మీరు అరిస్తే ఊరుకోమంటే కుదరదు. గొంతు పెంచితే నేను ఒక్క మాట చెప్తాను, మీరు లేచి బయటికి వెళ్లి కాసేపు నడిచి రావాలి" అంది. ఆ ఒప్పందం నాకు గమ్ ఎంత సాయం చేసిందో అంత సాయం చేసింది. కోపాన్ని మింగేయమని ఆమె అనలేదు, భరిస్తానని కూడా అనలేదు.

మొదటి రోజు తేలిగ్గా గడిచింది. ప్యాచ్ చర్మం మీద కాస్త దురద పెట్టింది, అంతే. ఇంతేనా అనుకున్నాను. విత్‌డ్రాయల్ మానేసిన కొన్ని గంటల్లోనే మొదలై, రెండు మూడు రోజులకు పతాక స్థాయికి చేరి, తర్వాత మూడు నాలుగు వారాల్లో క్రమంగా తగ్గుతుందని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి నిశ్చింతగా ఉండలేదు.

రెండో రోజు సాయంత్రానికి ప్రపంచంలో ఉన్న ప్రతి చప్పుడూ నా చెవిలోనే మోగుతున్నట్టయింది. ఎవరో తలుపు వేసిన చప్పుడు, ఫోన్ రింగ్, మా అమ్మాయి పాఠం పైకి చదవడం. చేతులు ఊరికే ఉండనిచ్చేవి కావు. కూర్చుంటే లేవాలని, లేస్తే ఎటైనా పోవాలని అనిపించేది. ఛాతీ లోపల ఏదో గోకుతున్నట్టుండేది. ఇదంతా ప్యాచ్ ఉండగానే. ప్యాచ్ విత్‌డ్రాయల్‌ను పూర్తిగా తీసేయదు, కొంతమేరకు మెత్తబరుస్తుంది. సిగరెట్ ఇచ్చినట్టు సెకన్లలో వచ్చే ఊపు దానితో రాదు.

డాక్టర్‌గారు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోమన్నారు. మనసు లాగినప్పుడు టైమ్, అప్పుడు ఏం జరుగుతోంది, ఏమనిపించింది అన్నవి రాసుకోమన్నారు. సిగరెట్ కావాలనిపించినప్పుడే రాస్తూ వచ్చాను. రెండు మూడు పేజీలు నిండాక, కోపం వచ్చినప్పుడు కూడా రాయడం మొదలుపెట్టాను, సిగరెట్ ఊసు లేకపోయినా సరే. అప్పటి నుంచి ఆ నోట్‌బుక్ నాకు వేరే సంగతి చూపించసాగింది. ఒక రోజు సాయంత్రం ఆరుకి నా భార్య ఫోన్ ఎత్తలేదని కోపం. ఇంకో రోజు ఆరుకి ఆఫీసులో ఒకతను మెయిల్‌లో మర్యాద లేకుండా రాశాడని కోపం. మరో రోజు ఆరున్నరకి, అసలు ఈ ఉద్యోగమే మానేయాలన్నంత విరక్తి. కారణాలు రోజుకొకటి. టైమ్ మాత్రం ఒకటే. ఏళ్ల తరబడి ఆఫీసు నుంచి బయటికి రాగానే వరసగా రెండు సిగరెట్లు తాగిన టైమ్ అది.

నాకు ఈ మొత్తం అనుభవంలో తెలిసిన అతి ముఖ్యమైన సంగతి ఇదే. విత్‌డ్రాయల్ ఎప్పుడూ "సిగరెట్ కావాలి" అంటూ రాదు. అలా వస్తే గుర్తుపట్టడం సులభం. చాలాసార్లు అది నా గొంతుతోనే, నా తర్కంతోనే, పక్కవాళ్ల మీద ఫిర్యాదుగా వస్తుంది. ఆ ఫిర్యాదులో కొంత నిజం కూడా ఉంటుంది. ఆ మెయిల్ నిజంగానే అమర్యాదగా ఉంది. కానీ ఇంకో రోజు పదింటికి అదే మెయిల్ వచ్చి ఉంటే చదివి పక్కన పెట్టేవాణ్ణి. ఆ కోపం నాది కాదని తెలిసిన క్షణం నుంచి దాని మాట వినకుండా ఉండటం సాధ్యమైంది. ఆ కొన్ని వారాలూ ఒక నియమం పెట్టుకున్నాను: కోపంలో ఉండగా ఏ మెయిల్‌కీ జవాబివ్వను, ఎవరితోనూ తెగతెంపుల మాట అనను, ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోను. ఐదున్నరకే గమ్ బుగ్గన పెట్టుకోవడం మొదలుపెట్టాను. గమ్ మొదలుపెట్టిన ఆ పావుగంట, ఇరవై నిమిషాల తర్వాత కానీ దాని బలం తెలియదు. లాగడం మొదలయ్యాక వేసుకుంటే ఆలస్యమైపోతుంది.

తహతహ వచ్చిన క్షణంలో ఇది ఇలాగే పెరుగుతూ పోతుందని, చివరికి తట్టుకోలేమని అనిపిస్తుంది. అలా జరగదు. కొద్ది నిమిషాల్లో అది పైకి లేచి, తనంత తానే దిగిపోతుంది. సిగరెట్ తాగినా దిగుతుంది, తాగకపోయినా దిగుతుంది. గడియారం చూస్తూ కూర్చోవడం నాకు పనికిరాలేదు, నిమిషాలు ఇంకా సాగేవి. లేచి వేగంగా నడవడం పనికొచ్చింది. పది నిమిషాల చురుకైన నడక కూడా ఆ కాసేపటికి తహతహను తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. నా ఒంట్లోనూ అలాగే జరిగింది. చల్లని నీళ్లు గుక్క గుక్కగా తాగడం, నెమ్మదిగా ఊపిరి వదలడం కూడా సాయపడ్డాయి. ఊపిరి సంగతి తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. సిగరెట్ తాగేటప్పుడు మనిషి చేసేది లోతుగా పీల్చి, మెల్లగా వదలడమే. ఆ నెమ్మదింపులో కొంత భాగం ఊపిరిది.

ఇక కాఫీ సంగతి. దీన్ని గురించి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మానేసిన మొదటి వారంలోనే నాకు గుండె దడ మొదలైంది. చేతులు వణికేవి. రాత్రి రెండింటి దాకా కళ్లు మూతపడేవి కావు. ఇది విత్‌డ్రాయల్ కాదు, గుండె జబ్బేమో అని భయపడి డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఈసీజీ తీశారు, బాగానే ఉంది. తర్వాత, "రోజుకి ఎన్ని కాఫీలు తాగుతున్నారు?" అని అడిగారు. సిగరెట్ తాగే రోజుల్లో ఎన్ని తాగేవాణ్ణో అన్నే తాగుతున్నానన్నాను. అదే కారణమన్నారు.

సిగరెట్ పొగలో ఉండే కొన్ని రసాయనాలు కాలేయంలోని సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్‌ను బాగా చురుగ్గా పనిచేయిస్తాయి. కెఫీన్‌ను విరగ్గొట్టేది ఆ ఎంజైమే. అందుకే పొగ తాగేవాళ్ల ఒంట్లో కెఫీన్ త్వరగా ఖర్చైపోతుంది. పొగ ఆగాక కొద్ది రోజుల్లోనే ఎంజైమ్ మామూలు స్థాయికి దిగుతుంది. అప్పుడు అంతే కాఫీ తాగినా రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు దాకా పేరుకుంటుంది. ప్యాచ్ దీన్ని ఆపలేదు, ఎందుకంటే ఎంజైమ్‌ను రెచ్చగొట్టేది నికోటిన్ కాదు, పొగ. దడ, వణుకు, నిద్రలేమి, కంగారు అన్నీ కెఫీన్ ఎక్కువైనప్పుడు వచ్చేవే. అవే విత్‌డ్రాయల్‌లోనూ ఉన్నాయి. రెండూ కలిసిపోయి, మానేయడమే తన ప్రాణానికి హానిచేస్తోందని మనిషి నమ్మేస్తాడు. కాఫీ సగానికి తగ్గించాను, మధ్యాహ్నం తర్వాత పూర్తిగా ఆపాను. మూడు నాలుగు రోజుల్లో దడ పోయింది.

ఇదే ఎంజైమ్ కొన్ని మందుల్ని కూడా విరగ్గొడుతుంది. క్లోజాపిన్, ఒలాంజపిన్ లాంటి మానసిక చికిత్స మందులు, ఊపిరితిత్తుల జబ్బుకు వాడే థియోఫిలిన్ అందులో ఉన్నాయి. అవి వాడుతున్నవాళ్లు సిగరెట్ మానేస్తే అదే మోతాదు ఎక్కువైపోవచ్చు. మానే ముందే డాక్టర్‌కు చెప్పి తీరాలి. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

కాఫీ తగ్గాక నిద్ర పట్టింది గానీ కలలు మొదలయ్యాయి. మామూలు కలలు కావు, లేచాక కూడా గది నిండా ఉన్నట్టుండే కలలు. 24 గంటల ప్యాచ్ రాత్రి కూడా నికోటిన్ ఇస్తూనే ఉంటుంది కాబట్టి ఇలా అవుతుందని, కావాలంటే పడుకునే ముందు తీసేయవచ్చని చెప్పారు. తీసేశాను. కలలు తగ్గాయి, కానీ పొద్దున లేవగానే తహతహ ఎక్కువైంది. లేచిన వెంటనే కొత్త ప్యాచ్ అంటించి, అది పని మొదలుపెట్టేలోగా ఒక గమ్ వేసుకునేవాణ్ణి. ఒక్కటే పొరపడకూడనిది: ప్యాచ్ రోజూ ఒకే చోట వేయకూడదు, చర్మం పుండవుతుంది.

మిగతా ఇబ్బందులు చిన్నవే అయినా ముందు తెలిసి ఉంటే మంచిది. నోట్లో పుళ్లు వచ్చాయి. మానినవాళ్లలో చాలామందికి వస్తాయి, వాటంతటవే మానుతాయి. మలబద్ధకం వచ్చింది, నికోటిన్ పేగుల కదలికను పెంచుతుంది కాబట్టి అది ఆగాక పేగులు మందగిస్తాయి. దగ్గు కొన్నాళ్లు పెరిగింది. ఆకలి మాత్రం చిన్న విషయం కాదు. మానినవాళ్లు మొదటి ఏడాదిలో సగటున 4 నుంచి 5 కిలోలు పెరుగుతారు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. నేనూ లావయ్యాను. అప్పుడే తిండి తగ్గించేద్దామనుకుంటే డాక్టర్‌గారు వద్దన్నారు. ఒకేసారి రెండు యుద్ధాలు వద్దు, ఆ బరువు చేసే హాని సిగరెట్ చేసే హానికి దరిదాపుల్లో కూడా ఉండదన్నారు.

ఆఫీసు పని గురించి కూడా చెప్పాలి. ఒక పేజీ చదివి, ఏం చదివానో గుర్తులేక మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. లెక్కలు తప్పులు పోతాయని భయం. సిగరెట్ లేకపోతే నా మెదడు పనిచేయదేమో, ఈ ఉద్యోగం చేయడానికి నాకు నికోటిన్ కావాలేమో అన్న ఆలోచన అన్నిటికన్నా బలంగా నన్ను లాగింది. అది కూడా నా గొంతుతోనే వచ్చింది, బాధ్యత గల మాటలా వచ్చింది. కష్టమైన పనిని పొద్దున ప్యాచ్ అందుకున్నాక చేసేవాణ్ణి, ముఖ్యమైనది ఏదైనా ఉంటే ఇంకొకరి చేత ఒకసారి చూపించుకునేవాణ్ణి. నెల దాటేసరికి ధ్యాస తిరిగొచ్చింది. మెదడులో పెరిగిన ఆ గ్రాహకాలు 6 నుంచి 12 వారాల్లో పొగ తాగనివాళ్ల స్థాయికి దిగివస్తాయని మెదడు స్కాన్‌లతో చేసిన అధ్యయనాలు చూపించాయి. ఆ అంకెను నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకున్నాను. ఇది ఎప్పటికైనా ముగుస్తుంది అన్న భరోసా కన్నా, ఇన్ని వారాల్లో ముగుస్తుంది అన్న లెక్క నన్ను ఎక్కువగా నిలబెట్టింది.

కోపం తగ్గిన చోట దిగులు వచ్చింది. ఏ పనీ రుచించేది కాదు. ఏదో పోగొట్టుకున్నట్టుండేది, ఎవరితో చెప్పుకున్నా "మానేశావుగా, సంతోషించాలి" అనేవారు. పొగ తాగేవాళ్లకు సిగరెట్ మనసుకు మందు అన్న నమ్మకం ఇక్కడే గట్టిపడుతుంది. అయితే చాలా అధ్యయనాలను కలిపి విశ్లేషించి 2014లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం, తాగుతూనే ఉన్నవాళ్లతో పోలిస్తే మానేసినవాళ్లలో ఆందోళన, దిగులు, ఒత్తిడి తర్వాత్తర్వాత తగ్గాయి. నా విషయంలోనూ అదే జరిగింది, కానీ ఆ తొలి వారాల్లో ఉన్నవాడికి ఆ మాట చెబితే నమ్మడు. అలాంటివాడి పక్కన కూర్చోవాలి. దిగులు రెండు వారాలకు మించి ముదురుతున్నా, బతకాలని లేదన్న ఆలోచన వస్తున్నా ఆగకుండా డాక్టర్‌కు చెప్పాలి. ఇదివరకు డిప్రెషన్ ఉన్నవాళ్లు మానే ముందే చెప్పడం మంచిది.

విత్‌డ్రాయల్ అయిపోయిందనుకున్నాక వచ్చిన ఒక తహతహ నాకు బాగా గుర్తుంది. ఆఫీసులో చాలాకాలంగా నలుగుతున్న పని పూర్తయింది, అందరం సంతోషంగా ఉన్నాం. ఎవరో సిగరెట్ పెట్టె చాచారు. అందులో ఒత్తిడి లేదు, కోపం లేదు. "ఇన్నాళ్లు ఆగగలిగానంటే ఇప్పుడు ఒక్కటి తాగినా ఏమీ కాదు" అన్న ఆలోచన ఎంత సహజంగా వచ్చిందంటే, చేయి సగం చాచాను కూడా. ఇది ఒంటికి నికోటిన్ అందక వచ్చింది కాదు, జ్ఞాపకం. నికోటిన్ ఒంట్లోంచి పోయినా, సంతోషానికీ సిగరెట్‌కూ మధ్య మెదడు కట్టుకున్న ముడి అలాగే ఉంటుంది. నోట్‌బుక్‌లో ఉన్న పాత పేజీలు గుర్తొచ్చాయి. "ఒక్కటి" అన్న మాట అక్కడ ఎన్నిసార్లు రాసి ఉందో. వద్దని చెప్పి బయటికి వచ్చి నడిచాను. ఆ తర్వాత అలాంటివి వచ్చినా అంత బలంగా రాలేదు.

ప్యాచ్‌ను పెద్ద మోతాదు నుంచి చిన్న మోతాదుకు దించుకుంటూ వచ్చి ఆపేశాను. నా డాక్టర్ 21 మిల్లీగ్రాములతో మొదలుపెట్టించి, తర్వాత 14, చివరికి 7కి తెచ్చారు. గమ్ అంత త్వరగా పోలేదు. రోజుకి ఒకటి రెండు చాలాకాలం వాడాను. తొందరపడి ఆపి మళ్లీ సిగరెట్ దాకా వెళ్లడం కన్నా ఇంకొన్నాళ్లు గమ్ వాడటమే మేలని డాక్టర్‌గారు అన్నారు.

సిగరెట్ తాగేసినట్టు కల ఇప్పటికీ ఎప్పుడైనా వస్తుంది. కలలోనే గుండె జారిపోతుంది, లేచి అది కల అని తెలిశాక ఎంతో హాయిగా ఉంటుంది. పీటర్ హాజెక్ అనే పరిశోధకుడు, ఆయన సహచరుడు 1991లో ఇలాంటి కలల గురించే ఒక అధ్యయనం ప్రచురించారు. మానినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి ఇలాంటి కలలు వచ్చాయి. అవి వచ్చినవాళ్లే మానిన మాట మీద ఎక్కువగా నిలబడ్డారు.

ఈమధ్యే మా అన్నయ్య పొగాకు నమలడం మానేశాడు. పొగ లేదు కాబట్టి తనకు కాఫీ ఇబ్బంది రాలేదు. కానీ కోపం, నోటి పుళ్లు, నిద్రలేమి, ఆ తహతహ అన్నీ ఉన్నాయి. నమిలే పొగాకు బుగ్గలో చాలాసేపు ఉంటుంది, నికోటిన్ తక్కువేమీ అందదు. పుండు త్వరగా మానకపోయినా, నోట్లో తెల్ల మచ్చ కనిపించినా డాక్టర్‌కు చూపించమని చెప్పాను. మొన్న రాత్రి ఫోన్ చేసి, తన పై అధికారి ఎంత అన్యాయంగా మాట్లాడాడో అరగంట చెప్పాడు. అంతా విన్నాను, వాటిలో చాలావరకు నిజమే. చివర్లో, "అన్నయ్యా, ఇది ఎన్నింటికి జరిగింది?" అని అడిగాను. "ఎందుకురా?" అన్నాడు. టైమ్ రాసుకోమన్నాను, రేపటి ఫిర్యాదు కింద కూడా రాసుకోమన్నాను. నిన్న మళ్లీ చేసి, రెండూ మధ్యాహ్నం భోజనం అయిన పది నిమిషాలకే వచ్చాయని చెప్పాడు.